వేరుముడి నులిపురుగు మీద మేలు చేసే బ్యాక్టీరియా: తరచుగా అడిగే ప్రశ్నలు

టమాటా, వంగ, బెండ, మిరప వేసేవాళ్లు, పాలీహౌస్‌లో కీర పెంచేవాళ్లు, జామ తోటల వాళ్లు నులిపురుగుల (నెమటోడ్ల) గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఒక సంగతి ముందే చెప్పాలి: సూడోమోనాస్, బాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా వేరుకు కాపలా కాస్తాయి. కాపలాదారును దొంగ రాకముందే పెట్టుకోవాలి. కింద రాసిన జవాబుల్లో సగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

టమాటా మొక్కలు మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి లేస్తున్నాయి. నీళ్లు బాగానే పెడుతున్నాం, యూరియా కూడా వేశాం. ఇది నులిపురుగేనా?

అయి ఉండొచ్చు, కానీ ఆకు చూసి చెప్పలేం. పసుపు రంగు, ఎదుగుదల లేకపోవడం, ఎండకు వాడిపోవడం లాంటి లక్షణాలు పోషకాల లోపంలోనూ, వేరుకుళ్లులోనూ ఉంటాయి. అందుకే చాలామంది యూరియా మీద యూరియా వేసి డబ్బు పోగొట్టుకుంటారు. మొక్కను ఊడబీకకండి, సన్న వేర్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో చుట్టూ మట్టితో సహా లేపి, బకెట్ నీళ్లలో మెల్లగా కడిగి చూడండి. వేరు పొడవునా ముడులు వేసినట్టు ఉబ్బెత్తుగా బుడిపెలుంటే వేరుముడి నులిపురుగే.

చేను మొత్తం ఒకేసారి దెబ్బతినకుండా అక్కడక్కడ గుంపులుగా మొక్కలు గిడసబారడం ఇంకో గుర్తు. ఆ గుంపు మధ్యలో ఎండిపోయిన మొక్కకంటే అంచున ఉన్న మొక్కను తవ్వి చూడండి, వేరు ఇంకా కుళ్లిపోయి ఉండదు కాబట్టి బుడిపెలు బాగా కనబడతాయి.

అలసంద, వేరుశనగ వేర్లకూ బుడిపెలుంటాయి కదా, అవీ పురుగువేనా?

చాలావరకు కాదు, అవి రైజోబియం అనే బ్యాక్టీరియా కట్టే బుడిపెలు, మేలు చేసేవి. వేరు పక్కన అతికించినట్టు ఉంటాయి, గోటితో గీరితే ఊడొస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బిపోవడం వల్ల వస్తుంది, దాన్ని తీయాలంటే వేరు తెంచాల్సిందే.

కంటికి కనబడని పురుగు ఇంత నష్టం ఎలా చేస్తుంది?

గుడ్డులోంచి వచ్చే పిల్ల పురుగు పొడవు దాదాపు 0.4 మిల్లీమీటర్లు. అది మట్టిలోని తేమ పొరలో ఈదుకుంటూ వేరు వదిలే వాసనను బట్టి వెతుక్కుంటూ వచ్చి, వేరు కొనకు కాస్త వెనక మెత్తగా ఉండే చోట లోపలికి దూరుతుంది. అక్కడ కొన్ని కణాలను తన తిండి కోసం పెద్దగా ఉబ్బేలా చేసుకుంటుంది. మొక్క తయారు చేసుకున్న ఆహారం అక్కడికే పోతుంది, నీరు, పోషకాలు పైకెక్కే దారి మూసుకుపోతుంది. ఆడ పురుగు కదలకుండా అక్కడే ఉబ్బి, జిగురు ముద్దలో 200 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది. మన దగ్గర వెచ్చటి నేలల్లో ఇదంతా 25 నుంచి 30 రోజుల్లో అయిపోతుంది. అంటే అయిదు నెలల టమాటా పంటలో నాలుగైదు తరాలు. మొదటి తరంలో కొన్ని పురుగులు లోపలికి పోకుండా ఆపగలిగితే చివర్లో ఎంత తేడా వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

పైగా పురుగు దూరిన చోట వేరుకు గాయమవుతుంది, ఆ దారిలో ఫ్యుజేరియం ఎండు తెగులు, బ్యాక్టీరియా వడల తెగులు తేలిగ్గా లోపలికి పోతాయి. దేశంలో నులిపురుగుల మీద పనిచేసే అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం వీటివల్ల పంట నష్టం 21.3 శాతం, డబ్బుల్లో ఏడాదికి 10,200 కోట్ల రూపాయల పైమాటే.

ఇంత చిన్న బ్యాక్టీరియా పురుగును ఎలా ఆపుతుంది? చంపుతుందా?

కొన్ని చంపుతాయి, కొన్ని దారి తప్పిస్తాయి, కొన్ని మొక్కకే బలం ఇస్తాయి. చాలావరకు ఈ పనులన్నీ కలిసే జరుగుతాయి.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ వేరు మీద పొరలా పరుచుకుని వేరు స్రవించే చక్కెరలను, ఆమ్లాలను తిని బతుకుతుంది. పురుగు పిల్ల వెతుక్కుంటూ వచ్చేది ఆ స్రావాల జాడ పట్టుకునే కాబట్టి, అవి మారిపోతే దానికి దారి దొరకడం కష్టమవుతుంది. ఈ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు హైడ్రోజన్ సయనైడ్, డయాసిటైల్ ఫ్లోరోగ్లూసినాల్ లాంటి పదార్థాలను కూడా విడుదల చేస్తాయి. వీటివల్ల గుడ్లు పొదగడం తగ్గుతుంది, పిల్ల పురుగులు చచ్చిపోతాయి.

బాసిల్లస్ జాతి తీరు వేరు. బాసిల్లస్ ఫర్మస్ ప్రోటీన్లను కరిగించే ఎంజైములు వదులుతుంది. పురుగు పైచర్మం ప్రోటీనే కాబట్టి అది దెబ్బతింటుంది. ఇజ్రాయెల్‌లో నులిపురుగుల మందుగా మొదట తయారైన ఈ బ్యాక్టీరియాను తర్వాత అమెరికాలో మొక్కజొన్న, సోయా విత్తనాలకు పట్టించి లక్షల ఎకరాల్లో వాడారు. చైనాలో పరిశోధకులు ఇంకో బాసిల్లస్‌ను గుర్తించారు. అది పురుగుకు నచ్చే వాసన వదిలి దగ్గరికి రప్పించుకుని, దాని పొట్టలోకి చేరి లోపలి నుంచి చంపుతుంది. చదివినప్పుడు నాకు చాలా ఆశ్చర్యమేసింది, మట్టిలో ఇంత యుద్ధం నడుస్తోందని మనకు తెలియనే తెలియదు.

మూడోది మొక్కలో రోగనిరోధక శక్తిని మేల్కొలపడం. ఒకే మొక్క వేర్లను రెండుగా చీల్చి రెండు కుండీల్లో పెట్టి, ఒకవైపు బ్యాక్టీరియా, రెండోవైపు పురుగులు వేసి చూసిన ప్రయోగాలున్నాయి. బ్యాక్టీరియా, పురుగు ఎక్కడా ఎదురుపడకపోయినా రెండోవైపు పురుగు తాకిడి తగ్గింది. అంటే కబురు మొక్క లోపలి నుంచే వెళ్లిందన్నమాట.

ఇక పాశ్చూరియా పెనెట్రాన్స్ అనే బ్యాక్టీరియా ఉంది. దీని సిద్ధబీజాలు (స్పోర్లు, అంటే ఎండకూ వేడికీ తట్టుకునే విత్తనాల్లాంటి రూపం) మట్టిలో తిరిగే పిల్ల పురుగు చర్మానికి అతుక్కుని, అది వేరులోకి పోయాక దాని ఒళ్లంతా నిండిపోతాయి. ఆ ఆడ పురుగు బతికినా గుడ్లు పెట్టలేదు. చచ్చాక దాని శరీరం నుంచి దాదాపు 20 లక్షల సిద్ధబీజాలు మట్టిలో కలుస్తాయి. ఇంత మంచిదాన్ని అందరం ఎందుకు వాడట్లేదంటే, అది బతికున్న పురుగు మీదే పెరుగుతుంది, ఫ్యాక్టరీ ట్యాంకుల్లో మామూలుగా పెంచడం కష్టం. పైగా ఒక్కో రకం ఒక్కో పురుగుకే అంటుకుంటుంది. దున్నకుండా ఏళ్లతరబడి ఒకే పంట ఉన్న కొన్ని తోటల్లో ఇది దానంతటదే పెరిగి పురుగును అదుపులో పెడుతుంది.

సూడోమోనాస్ కొనాలా, బాసిల్లస్ కొనాలా?

సూడోమోనాస్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, వేరు మీద త్వరగా పరుచుకుంటుంది. కానీ దానికి సిద్ధబీజాలు కట్టే గుణం లేదు, ఎండకూ వేడికీ చచ్చిపోతుంది, పౌడర్ రూపంలో ఎక్కువ నెలలు నిలవుండదు. బాసిల్లస్ సిద్ధబీజాలు కడుతుంది కాబట్టి వేడిని, ఎండిన నేలను తట్టుకుంటుంది, ఏడాది పైన నిలవ ఉంటుంది, విత్తనానికి పట్టించి దాచినా బతుకుతుంది.

నా సలహా ఏంటంటే, తాజా సరుకు దొరికి వెంటనే వాడేట్టయితే సూడోమోనాస్, వేసవిలో నాటే పంటకు గానీ దుకాణం దూరమై తెచ్చి కొన్నాళ్లు ఉంచుకోవాల్సి వస్తే గానీ బాసిల్లస్. వీటితో పాటు గుడ్లను తినే శిలీంధ్రం పర్పురియోసిలియం లిలాసినమ్ (పాత పేరు పెసిలోమైసిస్) దొరికితే అదీ పశువుల ఎరువులో కలపండి. బ్యాక్టీరియా వేరును కాస్తుంటే ఇది గుడ్ల ముద్దల మీద పడుతుంది.

ఎప్పుడు, ఎలా వేయాలి? చాలామంది డ్రిప్‌లో వదిలేస్తే చాలంటున్నారు.

డ్రిప్‌లో వదలడం ఆఖరి మెట్టు. అసలు పని నారు దగ్గరే మొదలవ్వాలి, ఎందుకంటే లేత వేరు మీద పురుగు దాడి ఎక్కువ, నాటిన మొదటి మూడు నాలుగు వారాలు గట్టెక్కితే మొక్క తన బలంతో నిలబడుతుంది.

సొంతంగా నారు పోసుకునేవాళ్లు కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పౌడర్ పట్టించి నీడలో ఆరనివ్వాలి. విత్తనానికి ముందే శిలీంధ్రనాశిని పట్టించి ఉంటే (హైబ్రిడ్ విత్తనాలు చాలావరకు ఎర్రగా, నీలంగా అలాగే వస్తాయి) మళ్లీ బ్యాక్టీరియా పట్టించి లాభం లేదు, దాన్ని నారుమడికి గానీ కోకోపీట్‌కి (కొబ్బరి పొట్టుకు) గానీ కలపండి. నర్సరీ నుంచి ట్రేల్లో కొనేవాళ్లు నాలుగైదు నారు మొక్కల వేర్లు కడిగి చూడకుండా డబ్బులివ్వొద్దు. పురుగు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎక్కువగా నారుతోనే పోతోంది. నాటే ముందు లీటరు నీటికి 10 గ్రాముల సూడోమోనాస్ పౌడర్ కలిపి నారు వేర్లను అరగంట ముంచండి.

పొలానికి వేసేదాన్ని మాత్రం పౌడర్‌గా నేరుగా చల్లకండి. టన్ను మాగిన పశువుల ఎరువుకు 2 కిలోల చొప్పున కలిపి, వేప పిండి కూడా చేర్చి, చెట్టు నీడన కుప్ప పోసి, గోనెపట్టా కప్పి, పిడికిట పట్టి నొక్కితే ముద్దయ్యేంత తేమ ఉండేలా నీళ్లు చల్లుతూ, వారానికొకసారి తిరగేస్తూ పదిహేను రోజులు ఉంచండి. ఆ కుప్పలో బ్యాక్టీరియా పెరుగుతుంది. దాన్ని పొలమంతా వెదజల్లకుండా నాటే సాళ్లలోనే వేసి మట్టి కప్పండి, ఎరువు తక్కువున్నా వేరుకు అందుతుంది. పచ్చి పేడలో కలిపితే మాత్రం వేడికి సగం పోతుంది.

ఆ తర్వాతే డ్రిప్ లేదా మొదళ్లలో పోయడం, నాటిన రెండు మూడు వారాలకు ఒకసారి, అక్కణ్నుంచి నెలకొకసారి. సాయంత్రం వేయండి, నేల తడిగా ఉండాలి. పంచాయతీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లు వాడండి, లేదా కుళాయి నీళ్లను ఒక రోజు తెరిచి ఉంచి తర్వాత కలపండి. బ్యాక్టీరియా కలిపి అమ్మే టాల్క్ పౌడర్‌ను వడకట్టకుండా డ్రిప్‌లో వదిలితే డ్రిప్పర్లు మూసుకుపోతాయి, అందుకు ద్రవరూపంలో దొరికేదే మేలు.

వేర్ల నిండా బుడిపెలున్నాయి, కాపు మీద ఉంది. ఇప్పుడు పోస్తే తగ్గుతాయా?

తగ్గవు. బుడిపె కట్టాక పురుగు వేరు లోపల ఉంటుంది, బయట మట్టిలో ఉన్న బ్యాక్టీరియా దాన్ని చేరుకోలేదు, ఉబ్బిన వేరు మళ్లీ సన్నబడదు. కొత్తగా వచ్చే వేర్లకు కొంత రక్షణ దొరుకుతుంది, అంతే. ఈ పంటను నిలబెట్టుకోవాలంటే మొదళ్లకు మాగిన ఎరువు, మట్టి ఎగదోసి కొత్త వేర్లు పుట్టేలా చేసి, నీళ్లు కొంచెం కొంచెంగా తరచూ పెట్టండి. కోతలయ్యాక చేయాల్సిన పని చాలా ముఖ్యం: మొక్కలను వేర్లతో సహా పీకి, ఎండబెట్టి, కాల్చేయండి. మొదళ్లు పొలంలోనే వదిలి రోటవేటర్ తిప్పితే వేలాది గుడ్లను మీరే చేనంతా చల్లినట్టవుతుంది. అద్దె రోటవేటర్ ఏ చేలోంచి వచ్చిందో కూడా కనుక్కోండి, దాని పళ్లకు అంటిన మట్టి కడిగించాకే పొలంలోకి దింపండి.

ప్యాకెట్ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

జీవ పురుగుమందులు 1968 నాటి కీటకనాశినుల చట్టం కిందికి వస్తాయి కాబట్టి ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాక్టీరియా రకం పేరు, గ్రాముకు ఎన్ని బతికున్న కణాలో తెలిపే సీఎఫ్‌యూ సంఖ్య చూడండి. గ్రాముకు పది కోట్లు అంటే 1×10⁸ అని రాసి ఉంటుంది. 'బయో', 'ఆర్గానిక్' అని పెద్దక్షరాలుండి ఈ వివరాలేవీ లేకపోతే కొనకండి. అన్నీ ఉన్నా రేకుల షెడ్డులో ఏప్రిల్, మే నెలలంతా పడున్న సూడోమోనాస్‌లో బతికున్నదెంతో చెప్పలేం. కేవీకేలు (కృషి విజ్ఞాన కేంద్రాలు), వ్యవసాయ విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో తాజాగా తయారైనది దొరికితే అదే తెచ్చుకోండి. బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఈ పద్ధతుల మీద చాలా పని చేసింది, పశువుల ఎరువులో మాగబెట్టి వేయడాన్ని రైతుల్లోకి బాగా తీసుకెళ్లింది కూడా వాళ్లే.

మిగతా మందులతో కలిపి వేయొచ్చా?

కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం, స్ట్రెప్టోసైక్లిన్, బ్లీచింగ్ పౌడర్ వీటితో అసలు కలపకండి, ఇవి బ్యాక్టీరియాను కూడా చంపే మందులు. నేలలో వీటిని పోసుంటే వారం పది రోజులు ఆగి బ్యాక్టీరియా వేయండి. ఆకుల మీద చేసే పిచికారీలతో పెద్ద ఇబ్బంది లేదు.

గుళికలు వేస్తే తేలిగ్గా పోయేది కదా, ఈ శ్రమంతా ఎందుకు?

అందరూ అలవాటుపడిన ఫోరేట్ గుళికలను 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధించారు. ఎవరైనా పాత సరుకు ఇస్తామంటే తీసుకోకండి, అది మనిషికి చాలా విషం, కూరగాయల్లో వేసేది అసలే కాదు. ఇప్పుడొచ్చిన ఫ్లూపైరమ్, ఫ్లూయెన్‌సల్ఫోన్ లాంటివి పురుగు మీద బాగా పనిచేస్తాయి, ధర ఎక్కువ. పురుగు విపరీతంగా ఉన్న పొలంలో ఒక్క బ్యాక్టీరియాతో నెగ్గుకురాలేరు, అది దాచాల్సిన సంగతేం కాదు. అలాంటి చోట నాటే సమయంలో లేబుల్ ప్రకారం ఒకసారి మందు వేసి, ఎడమిచ్చి బ్యాక్టీరియా మొదలుపెట్టండి. మందు ప్రభావం కొన్ని వారాలే, పంట అయిదు నెలలుంటుంది.

జీవామృతం పోస్తున్నాం, అది చాలదా?

నేలకు మంచిదే, ఆపకండి. అయితే అందులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందనేది ప్రతిసారీ మారుతుంది, నులిపురుగు మీద పనిచేసే రకమే అందులో ఉంటుందన్న హామీ లేదు. రెండూ వాడుకోవచ్చు.

పాలీహౌస్‌లో రెండో ఏడాదికే కీర పంట పోయింది. లోన్ కట్టాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

పాలీహౌస్‌లో వెచ్చదనం, ఎప్పుడూ తేమ, ఏడాదంతా పంట. పురుగుకు ఇంతకంటే ఏం కావాలి? ముందుగా ఒక విరామం ఇవ్వక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో పాత వేర్లన్నీ ఏరి, బెడ్లను తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీట్ పరిచి అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల మల్చింగ్ షీట్ దీనికి పనికిరాదు. ఈ ఎండ వేడికి పైపొరలో పురుగుతో పాటు మంచి సూక్ష్మజీవులూ పోతాయి, అందుకే షీట్ తీసిన వెంటనే మాగబెట్టిన బ్యాక్టీరియా ఎరువు వేయాలి. ఖాళీ నేలలో ముందు ఎవరు స్థిరపడితే వాళ్లదే పైచేయి. తర్వాత ఒక పంట బంతి వేస్తే పూల డబ్బులొస్తాయి, దాని వేర్లు వదిలే పదార్థం పురుగును తగ్గిస్తుంది. బయటి చెప్పులు లోపలికి రానివ్వకండి.

తట్టుకునే టమాటా రకం వేస్తే ఇవేవీ అక్కర్లేదట కదా?

టమాటాలో నిరోధకత ఇచ్చే జన్యువు పేరు ఎంఐ. నేల వేడి 28 డిగ్రీలు దాటితే దాని బలం తగ్గిపోతుంది. మన రాష్ట్రాల్లో వేసవి పంటకు దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం, శీతాకాలం పంటకు ఉపయోగమే.

జామ తోటలో చెట్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. పెద్ద చెట్లకు బ్యాక్టీరియా పనిచేస్తుందా?

జామలో ఇప్పుడు బాధపెడుతున్నది మెలాయిడోగైన్ ఎంటెరోలోబీ అనే చాలా ఉధృతమైన రకం. తమిళనాడు జామ తోటల్లో బయటపడి, అంటు మొక్కలతో పాటు చాలా చోట్లకు పాకింది. ఎండు తెగులు తోడైతే చెట్టు నిలవదు. ముదిరిన చెట్టును బ్యాక్టీరియా బతికించలేదు. కాస్త పచ్చగా ఉన్న చెట్లకు పాదుల్లో మాగబెట్టిన ఎరువు ఏడాదికి రెండు మూడుసార్లు వేస్తూ పోతే కొత్త వేర్లు నిలబడతాయి. కొత్తగా తోట పెట్టేవాళ్లు అంటు సంచి చింపి వేరు చూడనిదే కొనకండి, ఇది గట్టిగా చెబుతున్నాను, ఒక్క సంచిలోని పురుగు ఇరవై ఏళ్ల తోటను తినేస్తుంది. నిమ్మ, బత్తాయిల్లో వచ్చేది వేరే నులిపురుగు, దానికి బుడిపెలు ఉండవు, సన్న వేర్లకు మట్టి అంటుకుని కడిగినా పోకుండా ముతకగా కనిపిస్తాయి.

వేరుశనగలో కాళహస్తి తెగులు అంటారు, అదీ ఇదేనా?

అదీ నులిపురుగే, వేరుముడి రకం కాదు. 1975-76లో శ్రీకాళహస్తి ప్రాంతంలో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరొచ్చింది. ఊడల (నేలలోకి దిగి కాయ పట్టే కాడల) మీద, లేత కాయల మీద గోధుమ రంగు మచ్చలొచ్చి కాయ చిన్నదై పొట్టు నల్లబడుతుంది. దీనికి తట్టుకునే రకాలను తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చింది, ముందు విత్తనం అలాంటిది ఎంచుకోండి.

వరి వేస్తే నేలలో పురుగు చచ్చిపోతుందంటారు, నిజమేనా?

కూరగాయల్లో వచ్చే వేరుముడి పురుగు నీళ్లు నిలిచిన దమ్ములో బాగా తగ్గుతుంది, నీటి వసతి ఉంటే ఒక కారు వరి మంచి ఆలోచనే. వరికి సొంతంగా ఇంకో వేరుముడి పురుగు ఉంది, అది మెట్ట నారుమళ్లలో, తడి ఆరబెట్టే పొలాల్లో వస్తుంది. అక్కడ కూడా విత్తనానికి సూడోమోనాస్ పట్టించడం మంచిదే.

మట్టి పరీక్షకు ఎలా తీసుకెళ్లాలి?

భూసార పరీక్షకు లాగా ఎండబెట్టకండి, పురుగు బతికుంటేనే లెక్కించగలరు. మొక్క మొదట్లో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున, పొలంలో పది పన్నెండు చోట్ల తీసి కలిపి, పావుకిలో తడి మట్టి, కొన్ని సన్న వేర్లు పాలిథిన్ కవర్‌లో వేసి, ఎండ తగలకుండా ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేర్చండి.

ఇంతా చేశాక పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

దిగుబడి ఒక్కటే చూస్తే తెలియదు, దాంట్లో వాన, ధర, ఎరువు అన్నీ కలిసి ఉంటాయి. రెండు సాళ్లు బ్యాక్టీరియా వేయకుండా వదలండి. ఆఖరి కోత తర్వాత రెండు వైపుల నుంచి పదేసి మొక్కలు తవ్వి, వేర్లు కడిగి బుడిపెలు లెక్కపెట్టండి. శాస్త్రవేత్తలు వాడే కొలత తేలికే: అసలు లేకపోతే 0, ఒకటి రెండుంటే 1, పదిలోపు 2, ముప్పై లోపు 3, వంద లోపు 4, వంద దాటితే 5. వేసిన సాళ్ల సగటు వేయని సాళ్లకంటే ఒకటిన్నర, రెండు తగ్గితే బాగా పనిచేసినట్టే. తేడా ఏమీ లేకపోతే ముందు ప్యాకెట్ తేదీ చూడండి, తర్వాత ఎన్నో రోజు వేశారో చూసుకోండి. ఆ అంకెలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే వచ్చే పంటకు ఏ మడిలో ఏం నాటాలో తేల్చుకోవడం సులువవుతుంది.